స్ట్రీమర్ నుంచి డ్యాక్‌కు చివరి మీటరు: యూఎస్‌బీ, ఆప్టికల్, కోయాక్సియల్

నిరుడు వేసవిలో మేము హైదరాబాదులోని అద్దె ఇల్లు ఖాళీ చేసి, నల్గొండలో రామగిరి దగ్గర మా నాన్న ముప్పై ఏళ్ళ క్రితం కట్టించిన ఇంటికి తిరిగి వచ్చాము. సామాన్లు సర్దుకున్న మూడో రోజు సాయంత్రం నా పాటల పరికరాలను హాల్లో అమర్చి స్విచ్ వేయగానే, పాట ఇంకా మొదలు కాకముందే స్పీకర్లలోంచి గుయ్‌మని ఒక మోత వినిపించింది. హైదరాబాదులో అర్ధరాత్రి నిశ్శబ్దంలో కూడా ఏ అలికిడీ లేకుండా పనిచేసిన పరికరాలే అవి, వైర్లు కూడా అవే. మారింది ఇల్లు ఒక్కటే. ఆ మోతకు కారణం వెతుకుతూ గడిపిన నాలుగు నెలల్లో, స్ట్రీమర్‌ను (ఇంటర్నెట్ నుంచి పాటను అందుకునే పెట్టె) డ్యాక్‌కు (పాట అంకెలను విద్యుత్ తరంగంగా మార్చే పెట్టె) ఏ దారిన కలపాలనే విషయంలో అంతకుముందు పదేళ్ళలో చదివి తెలుసుకున్న దానికంటే ఎక్కువ నేర్చుకున్నాను. మన ఊళ్ళలో ఈ పరికరాలు కొనుక్కుంటున్న వారి సంఖ్య పెరుగుతున్నది కనుక, నేను తెలుసుకున్నదాన్ని వివరంగా రాసి పెట్టడం అవసరమనిపించింది.

నా వద్ద ఉన్న ఏర్పాటు చాలా సాదాది. 2019లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 4 బోర్డు నాకు స్ట్రీమర్. అది ఇంట్లోని రౌటర్ నుంచి లాన్ కేబుల్ ద్వారా పాటను అందుకుని, అంకెల రూపంలోనే డ్యాక్‌కు పంపుతుంది. డ్యాక్ ఆ అంకెలను విద్యుత్ తరంగంగా మార్చి యాంప్లిఫయర్‌కు ఇస్తుంది. పాట ఎక్కడో దూరాన ఉన్న సర్వర్ నుంచి మా ఇంటి రౌటర్ దాకా, రౌటర్ నుంచి స్ట్రీమర్ దాకా వచ్చేటప్పుడు మధ్యలో ఏ ముక్క దారి తప్పినా దాన్ని మళ్ళీ అడిగి తెప్పించుకునే ఏర్పాటు ఉన్నది. అందుచేత స్ట్రీమర్ లోపలికి చేరిన పాట, అసలు ఫైలుతో అక్షరం తేడా లేకుండా సరిపోతుంది. స్ట్రీమర్ నుంచి డ్యాక్‌కు వెళ్ళే చివరి మీటరు దూరంలో మాత్రం అలా మళ్ళీ అడిగి తెచ్చుకునే వెసులుబాటు లేదు. యూఎస్‌బీలో ధ్వని కోసం వాడే పద్ధతిలో తప్పు దొర్లితే గుర్తుపట్టవచ్చును గాని తిరిగి పంపించమని అడగడం ఉండదు. ఆప్టికల్, కోయాక్సియల్ దారులు రెండింటిలోనూ నడిచే ఎస్పీడిఫ్ పద్ధతిలోనైతే తప్పు పట్టడానికి ఒకే ఒక్క పారిటీ బిట్ (సరి బేసి లెక్క చూసే అదనపు అంకె) ఉంటుంది. సంతోషించవలసిన సంగతి ఏమిటంటే, ఒక మీటరు మంచి వైరులో అటువంటి తప్పులు దాదాపుగా దొర్లవు, దొర్లితే ‘టక్’మనే చప్పుడుగా స్పష్టంగానే వినిపిస్తాయి. వైరు మార్చగానే గొంతు మెత్తబడిందనీ, తబలా దగ్గరికి వచ్చిందనీ చెప్పే మాటలకు అంకెలు చెడిపోవడం కారణం కాజాలదు.

అంకెలు చెడిపోనప్పుడు ఈ దారుల మధ్య తేడా ఎక్కడి నుంచి వస్తుంది? నాకు తెలిసినంతలో రెండు చోట్ల నుంచి వస్తుంది. ఒకటి, కాలాన్ని లెక్కపెట్టే అధికారం స్ట్రీమర్‌కు ఉన్నదా, డ్యాక్‌కు ఉన్నదా అనేది. రెండవది, అంకెలతో పాటు ఆ వైరు గుండా ఒక పరికరపు విద్యుత్ మురికి కూడా రెండో పరికరంలోకి ప్రవహిస్తున్నదా అనేది. పత్రికలలోనూ, పరికరాల ప్రచారంలోనూ మొదటి దాని గురించే ఎక్కువగా మాట్లాడతారు. మన ఇళ్ళలో బాధ పెట్టేది చాలా వరకు రెండోదే.

ముందు కాలం సంగతి చూద్దాము. సీడీలోని ధ్వనిని సెకనుకు 44,100 శాంపిళ్ళుగా, అంటే అన్ని విడి కొలతలుగా, కొలిచి పెట్టారు, ఒక్కొక్క శాంపిల్ 16 బిట్లు. వాటిని తిరిగి వినిపించేటప్పుడు కూడా సరిగ్గా అదే వేగంతో వదలాలి. ఆ వేగాన్ని ఒక క్వార్ట్జ్ స్ఫటికం నిర్ణయిస్తుంది. అయితే ఏ రెండు స్ఫటికాలూ ఒకే తీరుగా కొట్టుకోవు. స్ట్రీమర్‌లోని స్ఫటికానికీ డ్యాక్‌లోని స్ఫటికానికీ మధ్య పది లక్షలకు 50 పాళ్ళ తేడా ఉన్నదనుకుంటే, సెకనుకు రెండు శాంపిళ్ళకు పైగా ఎక్కువో తక్కువో అవుతాయి. గంట సేపు పాట విన్నాక ఆ తేడా 7,938 శాంపిళ్ళకు చేరుతుంది. అంటే ఎవరో ఒకరు రెండో వారి లెక్కకు తలవంచక తప్పదు. ఏ దారిలో ఎవరు తలవంచుతున్నారన్నదే ఆ దారి స్వభావం.

ఎస్పీడిఫ్ అనేది సోనీ, ఫిలిప్స్ సంస్థలు కలిసి సీడీ ప్లేయర్ల కాలంలో ఏర్పరచిన పద్ధతి. కోయాక్సియల్, ఆప్టికల్ అని మనం పిలిచే రెండు సాకెట్లలోనూ నడిచేది ఆ ఒక్క భాషే, ఒకటి రాగి తీగ మీద, మరొకటి వెలుగు మీద. ఇందులో పాట అంకెలూ, వాటి వేగమూ ఒకే తీగలో కలిసి వస్తాయి. ఒక్కొక్క శాంపిల్ కాలానికి ఎడమ, కుడి రెండు వైపులకూ కలిపి 64 బిట్ల చట్రం ఒకటి పంపుతారు కనుక, సీడీ పాటకు సెకనుకు 28 లక్షల బిట్లకు పైగా, 192 కిలోహెర్ట్జ్ (సెకనుకు 1,92,000 శాంపిళ్ళ) పాటకు కోటి ఇరవై రెండు లక్షల బిట్లకు పైగా ప్రయాణిస్తాయి. ప్రతి బిట్టు హద్దు వద్ద సంకేతం ఒకసారి తిరగబడుతుంది, బిట్టు విలువ 1 అయితే నడిమధ్యలో మరోసారి తిరగబడుతుంది. డ్యాక్ ఈ తిరగబడడాలను గమనిస్తూ, స్ట్రీమర్ ఏ వేగంతో పంపుతున్నదో ఊహించి తన వేగాన్ని దానికి సరిపెట్టుకుంటుంది. బతుకమ్మ ఆడేటప్పుడు కొత్తగా వరుసలో చేరిన అమ్మాయి ముందరి వాళ్ళ చప్పట్లను చూసి తన చప్పట్లను కలుపుకోవడం వంటిదే ఇది. ముందరి వాళ్ళ తాళం కాస్త తడబడితే ఆ తడబాటు ఆమె చేతుల్లోకి కూడా వస్తుంది. ఈ తడబాటునే జిట్టర్ అంటారు. పాత డ్యాక్‌లలో ఇది నిజంగా ఇబ్బందే. నేటి డ్యాక్ చిప్పులలో చాలా వాటికి ఈ తడబాటును వడకట్టే సామర్థ్యం లోపలే ఉంటున్నది కనుక, సరిగా రూపొందించిన డ్యాక్‌లో జిట్టర్‌కు భయపడి ఎస్పీడిఫ్‌ను తోసిపుచ్చవలసిన అవసరం లేదని నా అభిప్రాయం.

యూఎస్‌బీ కథ ఇందుకు తిరగేసినది. తొలి రోజుల యూఎస్‌బీ డ్యాక్‌లు చాలా వరకు కంప్యూటర్ పంపే వేగాన్నే అనుసరించేవి, కంప్యూటర్ వేగమేమో నిలకడ లేనిది. తరువాత ఎసింక్రనస్ పద్ధతి వ్యాపించింది. మన బంతి భోజనాల పోలిక చెబితే ఇది సులువుగా అర్థమవుతుంది. ఎస్పీడిఫ్‌లో వడ్డించేవాడు తన నడకతో తాను విస్తరిలో వేస్తూ పోతాడు, తినేవాడు ఆ వేగానికి అలవాటు పడాలి. ఎసింక్రనస్ యూఎస్‌బీలో తినేవాడు తన వేగంతో తాను తింటూ, ‘ఇంకొంచెం వేయండి’, ‘కాసేపు ఆగండి’ అని చెబుతుంటాడు, వడ్డించేవాడు ఆ మాట ప్రకారం వేస్తాడు. కాలాన్ని లెక్కపెట్టే స్ఫటికం డ్యాక్ లోపలే, అంకెలు ధ్వనిగా మారే చోటికి అంగుళాల దూరంలోనే ఉంటుంది. మంచి డ్యాక్‌లలో ఇందుకోసం రెండు స్ఫటికాలు పెడతారు: 44.1 కిలోహెర్ట్జ్ కుటుంబానికి 22.5792 మెగాహెర్ట్జ్ ఒకటి, 48 కిలోహెర్ట్జ్ కుటుంబానికి 24.576 మెగాహెర్ట్జ్ మరొకటి. యూఎస్‌బీ గుండా ధ్వనిని పంపడానికి ఏర్పరచిన ప్రమాణంలో, అంటే యూఎస్‌బీ ఆడియో మొదటి తరగతిలో, 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్ దాకా మాత్రమే వీలవుతుంది. 2006లో వచ్చిన రెండవ తరగతితో ఆ హద్దు తొలగిపోయి, 384 కిలోహెర్ట్జ్ పాటలూ, డీఎస్‌డీ (ఒక్కొక్క బిట్టుగా, అతి వేగంగా కొలిచే పద్ధతి) పాటలూ కూడా సాధ్యమయ్యాయి. విండోస్‌లో ఈ రెండవ తరగతికి సొంత డ్రైవర్ 2017లో గాని రాలేదు, లినక్స్‌తో నడిచే రాస్ప్‌బెర్రీ పై వంటి స్ట్రీమర్లకు మాత్రం ఈ చిక్కు లేదు. కాగితం మీద చూస్తే అన్ని విధాలా యూఎస్‌బీయే మేలైన దారి. నేను హైదరాబాదులో వాడింది కూడా అదే.

కాగితం మీద కనిపించనిది రెండో సంగతి. యూఎస్‌బీ కేబుల్‌లో అంకెలు మోసే రెండు తీగలతో పాటు 5 వోల్టుల తీగ ఒకటి, గ్రౌండ్ తీగ ఒకటి ఉంటాయి. ఆ గ్రౌండ్ తీగ స్ట్రీమర్ శరీరాన్నీ డ్యాక్ శరీరాన్నీ నేరుగా కలిపివేస్తుంది. స్ట్రీమర్‌కు కరెంటు ఇచ్చే చిన్న రెండు పిన్నుల అడాప్టర్ లోపల, 230 వోల్టుల వైపు నుంచి 5 వోల్టుల వైపుకు ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది. రేడియో అలజడిని అణచడానికి పెట్టిన ఆ కెపాసిటర్ గుండా, ఎంత మంచి అడాప్టర్‌లోనైనా, మైక్రోఆంపియర్ల లెక్కలో కరెంటు కారుతూనే ఉంటుంది. లోహపు ఒంటి ఫోనును ఛార్జింగ్‌లో పెట్టి వేలి కొసతో మెల్లగా రాస్తే సన్నని జలదరింపు తగులుతుంది కదా, అది ఇదే. ఆ కారే కరెంటు భూమికి చేరే దారి వెతుక్కుంటుంది. యూఎస్‌బీ గ్రౌండ్ మీదుగా డ్యాక్‌కు, డ్యాక్ నుంచి ఆర్‌సీఏ వైరు పై తొడుగు మీదుగా యాంప్లిఫయర్‌కు, అక్కడి నుంచి మూడో పిన్ను ద్వారా గోడలోకి పోతుంది. ఆ ఆర్‌సీఏ వైరు తొడుగు మీద కరెంటు పారితే ఏర్పడే అతి చిన్న వోల్టేజీని యాంప్లిఫయర్ పాటలో భాగమనుకుని పెద్దది చేస్తుంది. అందుకే మన చెవికి 50 హెర్ట్జ్, దాని గుణకాలైన 100, 150 హెర్ట్జ్‌ల మోత వినిపిస్తుంది.

మా ఇంట్లో ఆ మూడో పిన్ను పరిస్థితి ఏమిటో తెలిసిన రోజు నాకు బాగా గుర్తున్నది. మా వీధిలోనే ఉండే, మా నాన్నకు ముప్పై ఏళ్ళుగా తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాను. ఆయన హాల్లోని సాకెట్ విప్పి, టెస్ట్ లాంపు పెట్టి చూసి, కాసేపు మాట్లాడకుండా కూర్చున్నాడు.

“సార్, ఈ మూడో పిన్నుకు వైరే రాలేదు. ఎవరో న్యూట్రల్ నుంచి చిన్న ముక్క తెచ్చి దీంట్ల గుచ్చిండ్రు,” అన్నాడు.

“అంటే ఇంటికి ఎర్త్ లేనట్టేనా అన్నా?”

“లేదు సార్. పెద్దసారు ఇల్లు కట్టిన్నాడు అందరూ గిట్లనే చేసిండ్రు. బయట న్యూట్రల్ తెగిందనుకో, మీ ఫ్రిజ్ డబ్బాకు, వాషింగ్ మెషీన్‌కు అన్నిట్ల కరెంటే.”

పాటల్లో మోత గురించి మొదలుపెట్టిన వెతుకులాట, ఇంట్లో పిల్లల ప్రాణాలకు ముప్పు ఉన్నదనే సంగతి దగ్గర తేలింది. ఈ వ్యాసంలో మరే మాట గుర్తుండకపోయినా ఫరవాలేదు గాని, పాత ఇళ్ళలో ఉంటున్నవారు ఒక్కసారి సాకెట్లు విప్పించి మూడో పిన్నుకు నిజమైన ఎర్త్ వైరు వచ్చిందో లేదో చూపించుకోవాలని మనస్ఫూర్తిగా కోరుతున్నాను. ఇక మోత విషయానికి వస్తే, యాంప్లిఫయర్ శరీరం న్యూట్రల్‌కు అతుక్కుని ఉన్నందువల్ల, వీధిలో ఎవరి బోరు మోటారు ఆన్ అయినా న్యూట్రల్ మీద ఏర్పడే ఒడిదుడుకులన్నీ నా ఆర్‌సీఏ వైరు దాకా వస్తున్నాయి. దానికి తోడు టీవీ సెట్‌టాప్ బాక్స్ కూడా అదే యాంప్లిఫయర్‌కు కలిపి ఉన్నది, డాబా మీది డిష్ ఇనుప కడ్డీకి తగులుకుని ఉన్న కేబుల్ తొడుగు మరో దారిన నేలను అంటుతున్నది. ఇటు న్యూట్రల్, అటు డాబా కడ్డీ, నడుమ నా పరికరాలు. సెట్‌టాప్ బాక్స్ నుంచి డిష్ కేబుల్ ఊడదీయగానే మోత సగానికి సగం తగ్గింది.

పెరట్లో ఎర్తింగ్ గొయ్యి తవ్వించాము. మాది ఎర్ర చల్క నేల, కింద బండ. ఎనిమిది అడుగులు తవ్వాలనుకుంటే ఐదు అడుగులకే పార ఖణేల్‌మన్నది. అందువల్ల కొంత దూరంలో రెండో గొయ్యి కూడా తీసి, రెండింటిలోనూ గాల్వనైజ్డ్ పైపులు దింపి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా నింపి, రెండు పైపులనూ మందపాటి తీగతో కలిపి బోర్డుకు తెచ్చారు. ఆ తరువాత ప్రతి సాకెట్‌కూ వేరే ఆకుపచ్చ వైరు లాగించి, న్యూట్రల్ ముక్కలన్నీ తీసివేయించాము. గోడలు పగలగొట్టకుండా పైపైన కేసింగ్ వేయించినందువల్ల హాలు అందం కొంత తగ్గిన మాట నిజమే.

ఎర్తింగ్ పూర్తయిన నాటికి మోత చాలా తగ్గింది గాని పూర్తిగా పోలేదు. రాత్రి తొమ్మిది దాటాక, స్పీకర్‌కు దగ్గరగా కూర్చుంటే ఇంకా వినిపించేది. “ఏంరా, ఇంకా గుయ్యిమంటనే ఉన్నదా?” అని మా నాన్న అడుగుతూనే ఉన్నారు. అప్పుడు చేసిన చిన్న పరీక్ష ఇటువంటి ఇబ్బంది ఉన్న ఎవరైనా పది నిమిషాల్లో చేసుకోదగినది. స్ట్రీమర్ అడాప్టర్ తీసివేసి, 5 వోల్టుల 3 ఆంపియర్ల పవర్ బ్యాంకుతో దాన్ని నడిపించాను. మిగిలినవన్నీ యథాతథంగా, యూఎస్‌బీ కేబుల్ కూడా అలాగే ఉన్నాయి. మోత మాయమైంది. లాన్ కేబుల్ తీసి మళ్ళీ పెట్టి చూశాను, తేడా రాలేదు, ఎందుకంటే ఈథర్‌నెట్ సాకెట్ లోపల చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు రెండు వైపులనూ విద్యుత్ పరంగా వేరు చేసి ఉంచుతాయి, తొడుగు లేని మామూలు లాన్ కేబుల్ ఆ వేర్పాటును చెడగొట్టదు. కనుక దోషి స్ట్రీమర్ అడాప్టర్ నుంచి కారే కరెంటే అని తేలిపోయింది. రోజూ పవర్ బ్యాంకుతో పాటలు వినలేము కాబట్టి, స్ట్రీమర్‌కూ డ్యాక్‌కూ మధ్య కరెంటు అసలే పారని దారి కావలసి వచ్చింది.

ఆ దారి ఆప్టికల్. 1983లో జపానుకు చెందిన తోషిబా సంస్థ తన సీడీ ప్లేయర్ల కోసం తయారు చేసిన అమరిక కనుక దానికి టాస్‌లింక్ అన్న పేరు వచ్చింది. ఒక చివర ఎర్రని ఎల్‌ఈడీ మినుకు మినుకుమంటుంది, ఆ వెలుగు మిల్లీమీటరు మందం ఉన్న ప్లాస్టిక్ పోగు గుండా వెళ్ళి, అవతలి చివర వెలుగును గుర్తించే కన్ను మీద పడుతుంది. మధ్యలో లోహమన్నదే లేదు కనుక కారే కరెంటుకు దారి ఉండదు. స్ట్రీమర్‌కు ఆప్టికల్, కోయాక్సియల్ సాకెట్లు ఇచ్చే చిన్న బోర్డును రాస్ప్‌బెర్రీ పై మీద అమర్చి, ఆప్టికల్ వైరు తగిలించిన సాయంత్రం హాల్లో కుర్చీ స్పీకర్ పక్కకే లాక్కుని కూర్చున్నాను. ఫ్యాను చప్పుడు తప్ప మరొకటి వినిపించలేదు.

ఆప్టికల్‌కు హద్దులు లేకపోలేదు. మొదట్లో ఆ వెలుగు సాకెట్లను 48 కిలోహెర్ట్జ్ పాటల అవసరానికే రూపొందించారు. ఇప్పటి వాటిలో 96 కిలోహెర్ట్జ్ నమ్మకంగా నడుస్తుంది, 192 మాత్రం రెండు వైపుల సాకెట్ల నాణ్యత మీద, వైరు పొడవు మీద ఆధారపడుతుంది. నా వద్ద 192 పాటలు వినిపిస్తాయి గాని అప్పుడప్పుడు ‘టక్’మని తెగుతుంటాయి. డీఎస్‌డీ పాటలను ఎస్పీడిఫ్ గుండా పంపాలంటే వాటిని పీసీఎం (సీడీలో ఉండే మామూలు శాంపిళ్ళ రూపం) వేషంలో పెట్టి పంపే పద్ధతి ఒకటి ఉన్నది, దానికి కనీసం 176.4 కిలోహెర్ట్జ్ దారి కావాలి కనుక చాలా ఆప్టికల్ సాకెట్లలో అది కుదరదు. పోగును గట్టిగా వంచకూడదు, వైరు కొసల మీది ప్లాస్టిక్ టోపీలు తీయడం మరువకూడదు, వాడని సాకెట్ మూత తెరిచి ఉంచకూడదు. మా వేసవి దుమ్ము ఎటువంటిదో ఈ ప్రాంతం వారికి వేరే చెప్పనక్కరలేదు. అయితే నేను వినే పాటల్లో అధిక భాగం సీడీ నాణ్యతవే, పాత సినిమా పాటలూ, ఆకాశవాణి నాటి కచేరీలూ అంతే. వాటికి ఈ హద్దులేవీ అడ్డు రావు.

కోయాక్సియల్ గురించి కొంత ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే అనవసరమైన ఖర్చు ఎక్కువగా జరిగేది ఇక్కడే. ఈ దారికి కావలసింది 75 ఓమ్‌ల లక్షణ అవరోధం (ఇంపిడెన్స్) ఉన్న వైరు. ఆ అవరోధం సరిపోకపోతే సంకేతంలో కొంత భాగం చివరి నుంచి వెనక్కి తిరిగి వచ్చి, తిరగబడే అంచులను చెదరగొడుతుంది. కాగా, మన ఊళ్ళో ప్రతి డాబా మీద వేలాడే డిష్ టీవీ వైరు, అంటే ఆర్‌జీ-6, సరిగ్గా 75 ఓమ్‌లదే. గడియారం సెంటర్ దగ్గర డిష్ సామాను అమ్మే దుకాణంలో మీటరు ముక్క కొని, రెండు చివరలా ఆర్‌సీఏ కనెక్టర్లు గట్టిగా బిగింపజేసుకున్నాను. అది ఏ లోపమూ లేకుండా 192 కిలోహెర్ట్జ్ దాకా మోస్తున్నది. అది కూడా దొరకని పక్షంలో పాత డీవీడీ ప్లేయర్‌తో వచ్చిన మూడు రంగుల వైర్లలో పసుపు పచ్చది వాడవచ్చును, వీడియో కోసం చేసినది కనుక అదీ 75 ఓమ్‌లదే. వేల రూపాయలు పెట్టి కొన్న వైరు ఇంతకంటే మెరుగైన పని చేయడానికి నాకు ఏ కారణమూ కనిపించదు. కోయాక్సియల్‌లో ఉన్న అసలు చిక్కు గ్రౌండే. కొన్ని పరికరాలలో సాకెట్ వెనుక చిన్న పల్స్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి రెండు వైపులనూ వేరు చేస్తారు, కొన్నింటిలో పెట్టరు. నా చిన్న బోర్డులో అది లేదు. కోయాక్సియల్ పెట్టగానే పాత మోత పాత చోటనే కూర్చున్నది.

ఏఈఎస్/ఈబీయూ అనే నాలుగో దారి ఒకటి స్టూడియోల నుంచి వచ్చింది. మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్, 110 ఓమ్‌ల జంట తీగలు, ఎక్కువ వోల్టేజీ, దూరాలకు పంపడానికి అనువైన ఏర్పాటు. ఒకే అరలో పక్కపక్కన ఉన్న రెండు పెట్టెల మధ్య దాని వల్ల ఇంటివారికి కలిగే లాభం స్వల్పం. ఐ స్క్వేర్ ఎస్ అనేది 1986లో ఫిలిప్స్ సంస్థ ఒకే బోర్డు మీది చిప్పుల మధ్య సంభాషణ కోసం చేసిన పద్ధతి. అందులో అంకెలకూ తాళానికీ వేర్వేరు తీగలు ఉండడం నిజంగా మంచి సంగతే, అందుకే రాస్ప్‌బెర్రీ పై మీద నేరుగా కూర్చునే డ్యాక్ బోర్డులు దాన్నే వాడతాయి. కాని ఇప్పుడు కొందరు తయారీదారులు దాన్ని హెచ్‌డీఎంఐ సాకెట్ ద్వారా పెట్టె బయటికి తెస్తున్నారు. ఏ పిన్నులో ఏ సంకేతం రావాలన్న దానికి అందరూ ఒప్పుకున్న ప్రమాణం లేనందువల్ల, ఒక సంస్థ స్ట్రీమర్ మరో సంస్థ డ్యాక్‌తో కలిస్తే ఎడమ కుడిగా మారడం, అసలే పలకకపోవడం జరుగుతుంటుంది. రెండూ ఒకే చోట కొనేవారు తప్ప మిగిలినవారు దాని జోలికి పోకపోవడం మంచిదని నా సలహా.

ఏ దారి ఎంచుకున్నా, స్ట్రీమర్ లోపలి సాఫ్ట్‌వేర్ అంకెలను తాకకుండా పంపుతున్నదా అన్నది ముందుగా చూసుకోవాలి, ఎందుకంటే దారుల మధ్య తేడా అనుకున్నది చాలా సార్లు సెట్టింగుల మధ్య తేడాయే అవుతుంది. స్ట్రీమర్‌లో వాల్యూమ్ 100 శాతం వద్ద స్థిరంగా ఉండాలి, శాంపిల్ వేగం మార్చే సెట్టింగ్, పాటల స్థాయిని సమం చేసే సెట్టింగ్ రెండూ ఆగి ఉండాలి. దీన్ని నిర్ధారించుకోవడానికి నేను వాడిన పద్ధతి ఇది. నా వద్ద పాత డీటీఎస్ (చుట్టూ పెట్టే పలు స్పీకర్ల ధ్వనిని కుదించి పెట్టే పద్ధతి) సీడీ ఒకటి ఉన్నది. దాని నుంచి తీసిన ఫైలును స్ట్రీమర్‌లో పెట్టి, ఆప్టికల్ వైరును పాత హోమ్ థియేటర్ రిసీవర్‌కు తగిలించాను. ఒక్క బిట్టు కూడా మారకుండా అందితేనే రిసీవర్ దాన్ని డీటీఎస్‌గా గుర్తుపట్టి పాట వినిపిస్తుంది, మారితే చెవులు చిల్లులు పడే బుసబుస వస్తుంది. మొదటిసారి బుసబుసే వచ్చింది. చూస్తే వాల్యూమ్ 99 వద్ద ఉన్నది. దాన్ని 100కు తేగానే రిసీవర్ మీద డీటీఎస్ అక్షరాలు వెలిగాయి. ఈ పరీక్ష చేసేవారు ముందుగా యాంప్లిఫయర్ శబ్దాన్ని బాగా తగ్గించి ఉంచాలి, లేకపోతే స్పీకర్లకు ప్రమాదం.

ఇక చెవికి తేడా తెలుస్తుందా అన్న ప్రశ్న. గ్రౌండ్ మోత పూర్తిగా తొలగిన స్థితిలో, అంటే స్ట్రీమర్‌ను పవర్ బ్యాంకుతో నడుపుతూ, యూఎస్‌బీనీ ఆప్టికల్‌నూ పోల్చి చూశాను. మా అబ్బాయి నాకు కనిపించకుండా డ్యాక్ మీద మీట మారుస్తూ చీటీ మీద రాసుకున్నాడు, నేను విని నా అభిప్రాయం వేరే కాగితం మీద రాసుకున్నాను. ఇందుకు నేను ఎంచుకున్నది పన్నెండు మెట్ల కిన్నెర వాద్యం. పాత మహబూబ్‌నగర్ జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్య గారి వల్ల, ఆయనకు 2022లో పద్మశ్రీ ప్రకటించిన తరువాత, ఆ వాద్యం పేరు దేశమంతటా వినబడింది. సొరకాయ బుర్రల లోపలి గుంభనమైన మోతా, మెట్ల మీద తీగ తగిలే గరుకూ, వాటి నడుమ గొంతూ ఉండే ఆ ధ్వనిలో, మంద్ర స్థాయిలోని ఏ చిన్న మార్పైనా ముందుగా బయటపడుతుందని నా నమ్మకం. రెండు సాయంత్రాలు చేసిన ఆ పోలికలో నా జవాబులు సగానికి అటూ ఇటూగానే సరిపోయాయి. అంటే నా చెవికి, నా డ్యాక్‌లో, ఆ రెండు దారుల మధ్య తేడా తెలియలేదు. కాని స్ట్రీమర్‌ను తిరిగి అడాప్టర్ మీద పెట్టినప్పుడు యూఎస్‌బీ ఏదో ప్రతిసారీ పట్టుకున్నాను. కిన్నెర మీద చివరి మీటు ఆగి, బుర్రలోని నాదం సన్నగిల్లే చోట, దాని కిందనే సన్నని గుయ్‌మనే చప్పుడు మిగిలిపోయేది.

ఇన్వర్టర్ గురించి అడిగేవారు ఉంటారు కనుక ఒక్క మాట. కరెంటు పోయినప్పుడు చతురస్రపు తరంగం ఇచ్చే పాత రకం ఇన్వర్టర్ మీద యాంప్లిఫయర్ నడిపితే ట్రాన్స్‌ఫార్మరే స్వయంగా మోత పెడుతుంది, ఆ మోతను ఏ డిజిటల్ వైరూ ఆపలేదు. సైన్ వేవ్ ఇన్వర్టర్ పెట్టుకోవడమొక్కటే దానికి మార్గం.

ప్రస్తుతం మా హాల్లో స్ట్రీమర్ నుంచి డ్యాక్‌కు ఆప్టికల్ వైరే ఉన్నది. పై గదిలో నేను ఒంటరిగా హెడ్‌ఫోన్లతో వినే చోట, లోహపు డబ్బా యాంప్లిఫయర్ గాని డిష్ కేబుల్ గాని లేవు, మరో దారిన నేలను తాకే పరికరం ఏదీ లేదు కనుక కారే కరెంటు తిరగడానికి చుట్టు ఏర్పడదు. అక్కడ అధిక శాంపిల్ వేగాల పాటల కోసం యూఎస్‌బీయే వాడుతున్నాను. డిష్ వైరుతో చేసిన కోయాక్సియల్ కేబుల్‌ను సొరుగులో భద్రంగా ఉంచాను, పల్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న బోర్డు దొరికిన రోజున దాన్ని మళ్ళీ తీస్తాను. మార్చి మొదలైన నాటి నుంచి ప్రతి ఆదివారం ఉదయం మా నాన్నగారే రెండు ఎర్తింగ్ గొయ్యిలలోనూ చెరి రెండు బకెట్ల నీళ్ళు పోస్తున్నారు.